గులాబ్‌బీ నెత్తిన ఆముదం

జమ్మలమడుగులో ఆదివారం పొద్దున గులాబ్‌బీ తలకు ఆముదం పెట్టుకుందంటే ఆ ఇంట్లో టీవీ పెట్టినట్టే. నూనె పడగానే ఆమె తల గాజుసీసాలా తేటపడుతుంది. పైన తోలు, తోలు కింద కొవ్వు, ఆ కింద బిగుతు పొర, తర్వాత వంకరటింకర అతుకులతో పుర్రె, పుర్రె లోపల మెదడును కప్పిన మూడు పొరలు, అన్నీ కనబడతాయి. నూనె ఇంకితే మళ్లీ మామూలు తలే. పక్కింటి మస్తానమ్మ బియ్యం ఏరుకుంటూ కాసేపు చూసి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచిపోతుంది. మనవరాలు సుహానా కడపలో డాక్టరు చదువుతోంది. తోటివాళ్లంతా ఎండిన పుర్రెలతో కుస్తీ పడుతుంటే తనకు జేజి తల ఉందని ఆ పిల్లకు మహా గర్వం.

సుహానా సెలవుకు ఇంటికొచ్చిన ఒక ఆదివారం, నీళ్లు కొడుతుంటే బోరింగు పిడి ఎగిరొచ్చి గులాబ్‌బీ కణతకు కొట్టింది. రక్తం చుక్క రాలేదు. ఆ ఇంట్లో తలకు ఏ దెబ్బ తగిలినా ఆముదం రుద్ది పడుకోబెట్టడమే వైద్యం. జేజి కోడలిని ఆటపట్టిస్తూ మంచమెక్కింది. సుహానా ఆముదం రుద్దబోయి ఆగిపోయింది.

పొద్దుటి నూనె ఇంకా ఇంకలేదు. కణత ఎముకకూ దాని కింది మందపు పొరకూ మధ్య ఎర్రటి మచ్చ. చూస్తుండగానే రేగుపండంత అయింది. లోపల రక్తనాళం తెగింది. ఎముక సాగదు కాబట్టి ఆ రక్తం ఇక మెదడునే నొక్కుతుంది. నిద్రపోతే జేజి మళ్లీ లేవదు.

"నాయనా, ఆటో తియ్. జేజిని పండుకోనీయొద్దు."

"నాకేమైందే? మాట్లాడతానే ఉండా కదా," అంది జేజి.

"లోపల నెత్తురు కారతాండాది జేజీ. నాకు కనపడతాండాది."

సుహానా నాయన అన్సర్ ఆటోను ప్రొద్దుటూరు దారిలో ఉరికించాడు. నూనె ఆరితే తల మూసుకుపోతుందని సుహానా దారి పొడవునా ఆముదం రాస్తూనే ఉంది. మచ్చ నిమ్మకాయంత అయింది. జేజి మాట ముద్దగా మారింది, తర్వాత మాటే లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ తలలోకి ఒకసారి తొంగిచూసి, స్కానింగుతో పని లేదని, ఆముదం కాచి చల్లార్చి తెమ్మని నర్సును పంపింది. గుండు గీసి, ఎముకకు రంధ్రం చేశారు. గడ్డకట్టిన నెత్తురు బయటికొచ్చింది. అణిగిపోయిన మెదడు తన మూడు పొరలతో సహా మెల్లగా పైకి లేచి ఎముకను తాకింది. పక్కనే నిలబడ్డ సుహానా ఆ పొరలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

సాయంత్రానికి గులాబ్‌బీ కళ్లు తెరిచి, కట్టు తడుముకుని, ఏం జరిగిందో చెప్పించుకుంది.

"ఇన్నేండ్లు మీరంతా నా నెత్తిలోకి చూసినారు. నాకు చూపిచ్చినోళ్లు ఒక్కరూ లేరు. అద్దం తేపోవే."

సుహానా సిగ్గుపడుతూ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ అద్దం కోసం బజారుకు పరిగెత్తింది.