శ్రావణపు రవికెగుడ్డలు

నీలమేఘపటలములు గగనతలమెల్ల నావరించి పావురాళ్లకొండ శిఖరమును ముసుగువేసి దాచగా, నవోదకపూర్ణయైన గోస్తనీనది యెఱ్ఱనినీటితో సముద్రునిలో గలిసి యాతని నీలవర్ణమును గొంతదూరము మార్చుచుండగా, తరంగశీకరములతో గూడిన తూర్పుగాలి భీమునిపట్టణపు పెంకుటిండ్ల చూరులను దడుపుచు గడపగడపకు దన యుప్పువాసనను బంచిపెట్టుచుండగా, శ్రావణమాసము ప్రవేశించెను. పట్టుచీరల కుచ్చెళ్లు బురద తాకకుండ నొకచేత నెత్తిపట్టుకొని ముత్తైదువలు శుక్రవారపు పేరంటములకై యొకరియింటనుండి యొకరియింటికి దిరుగుచుండిరి. ఆ నెలలో నా యూర దీరికగా నుండు నాడుది యొక్కతెయు లేదు.

పేరంటమునకు వచ్చినవారికి బసుపుకుంకుమలతోడ రవికెగుడ్డ నొసగుట మర్యాద. ఆ గుడ్డలలో బెక్కులు సూదిమొగమెఱుగక యీ యింట బుచ్చుకొన్నది యా యింట నీయబడుచు, ఊరెల్ల జుట్టి కడకు మొదట నిచ్చినయింటికే వచ్చి చేరుటయు గలదు. తన గుడ్డను దాను గుర్తుపట్టియు గుర్తుపట్టనట్లు నటించుట పేరంటాండ్రకు వెన్నతో బెట్టిన విద్య. అయితే రేవుకచ్చేరి గుమాస్తాయగు జగ్గునాయుని భార్య పేరిందేవి చేత బడిన గుడ్డ మాత్రము మఱల నెవ్వరియింటికిని బోయి యెఱుగదు. పోనీ యామె యొంటిమీదనైన గానవచ్చునా యనిన నదియు లేదు. ఆమె రవిక చంకలయొద్ద నతుకులు పడి రంగు వెలిసి యుండెను.

"తొడుక్కోమని పెడతారే గుడ్డ. పెట్టిలో దాసుకోమని కాదు" అని పొరుగింటి యచ్చియ్యమ్మ యొకనాడు నలుగురిలో ననెను. పేరిందేవి నవ్వి చేతిలోని గుడ్డను మడిచి చెఱగున ముడివేసికొనెను.

ఆ గుడ్డలన్నియు గౌనులగుచుండెను. పేరిందేవికి సంతానము లేదు. ఆమె చెల్లెలు పురిటిలో గన్నుమూయగా, బొడ్డూడని పసికందును దెచ్చుకొని మాణిక్యమని పేరు పెట్టి, యాఱేండ్లు వచ్చువఱకు గుండెలమీద బెట్టుకొని పెంచెను. అంతట బరంపురములో గాపురముండు బిడ్డతండ్రి రామస్వామినాయుడు మఱల బెండ్లాడి, తన బిడ్డను దాను దీసికొనిపోవ వచ్చెను. ఆతడు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైనచో దిట్టుకొనుటకైన వీలుండెడిది.

"వదినా, కొన్నాళ్లు నువ్వు రాకు. నువ్వు కనిపిస్తే పిల్ల ఆవిడ దగ్గిర చేరదు" అని యాతడు చేతులు జోడించి యడిగెను.

పేరిందేవి సరే యనెను. ఆ కొన్నాళ్లనగా నెన్నాళ్లో యాతడును జెప్పలేదు, ఈమెయు నడుగలేదు. ఏండ్లు గడిచెను. పసితనపు జ్ఞాపకము నీటిమీది వ్రాత యని నలుగురును జెప్పుచుండగా విని, పిల్లకు దానింకను జ్ఞాపకమున్నదా లేదా యను నొక్క సంశయమే యామెను లోలోపల దినివేయుచుండెను. వెళ్లి చూడరాదు. అడిగి పంపరాదు. కుట్టి పంపవచ్చును గదా యనుకొనెను.

పేరిందేవి తల్లి చిన్ననాట నొక పాదిరిదొరసానియొద్ద గుట్టుపని నేర్చి, గౌనులు కత్తిరించుటకై యామె యిచ్చిన మందపుకాగితపు నమూనాలను బ్రాణముగ దాచుకొనెను. భుజమునకొకటి, చేతికొకటి, మెడపట్టీకొకటి. అంచులు నలిగి తేయాకురంగునకు దిరిగిన యా కాగితములలో బెద్దపిల్లల కొలతలవి చెదలపాలు కాగా, ఆఱేండ్లపిల్లకు సరిపడునవి మాత్రము చెక్కుచెదరక మిగిలెను. పేరిందేవి మనసు చెదలకు ముందుగనే తెలిసియుండెనేమో! ప్రతి శ్రావణమందును నామె యచ్చియ్యమ్మ మనుమరాలిని, మాణిక్యము నీడుపిల్లను, బిలిచి బెల్లపుముక్క చేతబెట్టి దారముతో గొలతలు దీసి, కాగితపుటంచు వెంబడి నొక గీతయు, పెరిగిన మేరకు దానికి వెలుపల సుద్దగీతయు గీసి, గుడ్డను సరిగా నా గీతమీదనే కత్తిరించెడిది. అంతవఱకు దప్పేమియు లేదు. సూది చేతబట్టినంతనే వచ్చును చిక్కు. కన్నులయెదుట వాకిట గోడిపిల్లల వెంట బరువెత్తు నాఱేండ్ల మాణిక్యము నిలువగా, సూది సుద్దగీతను విడిచి లోపలికి, కాగితపుటంచు నంటియే నడిచిపోవును. మిగిలిన గుడ్డను గోసి పాఱవేయుటకు జేతులాడక యామె దానిని రెండుమడతలుగ లోపలికి మడిచి కుట్టివేయుచుండెను.

జగ్గునాయుడు దీనిని గమనించి యొకనాడు చుట్ట ప్రక్కనబెట్టి, "ఏటే, ఆ పిల్ల ఇంకా ఆరేళ్లదేననుకుంటన్నావా? వోణీ వేసే ఈడొచ్చీసుంటాది" అనెను.

"లోపల గుడ్డ వదిలేను లెండి" అని యామె తలయెత్తకయే చెప్పెను.

"లోపల ఉంటే ఎవరికి తెలుస్తాది?"

పేరిందేవి సూదికి మఱల దారమెక్కించుకొనెను.

ఏటేట నా గౌనును గొనిపోవునది గాజుల దాలమ్మ. ఆమె గంపనెత్తి భీమునిపట్టణమునుండి బరంపురము వఱకు బండ్లెక్కుచు దిగుచు నాడువారి ముంజేతుల నమ్ముకొని బ్రదుకునది. తిరిగివచ్చినప్పుడెల్ల బేరిందేవి చేతులు చాచి గాజులు తొడిగించుకొనుచు, గాజులమాట మఱచి, "తొడుక్కుందా?" అని యడుగును. "పినతల్లి గుమ్మంలో అందుకుంది తల్లీ. తొడుక్కోగా నాను సూడనేదు" అని దాలమ్మ యెప్పుడును జెప్పు జవాబే చెప్పును. అబద్ధమాడుట దాలమ్మకు జేతగాదు. ఒక్కమాటు నేర్చుకొనిన బాగుండునని పేరిందేవికి దోచెడిది.

ఈ శ్రావణమున నొక మధ్యాహ్నమామె కొత్తగౌనునకు గచ్చాకుట్టు వేయుచు, అలవాటుచొప్పున లోపలి గీతనే పట్టుకొని పోవుచుండగా, తడిసిన చీరచెఱగు పిండుకొనుచు దాలమ్మ వచ్చి గంపలోనుండి యొక మూట దీసి యరుగుమీద బెట్టెను.

"బరంపురం నుండి. నీకే ఇమ్మన్నారు."

మూట సందునుండి చిలుకపచ్చని గుడ్డయు, దాని క్రింద జుక్కలయద్దకపు టెఱ్ఱగుడ్డయు దొంగిచూచుచుండెను. ఏ శుక్రవారము నెవరిచ్చినవో యెఱిగి, తాను గుట్టిన గుడ్డలవి. గౌనులన్నియు దిప్పి పంపివేసిరని పేరిందేవి యనుకొనెను. మూట ముట్టుకొనక యామె దాలమ్మకు జల్దియన్నము పెట్టెను, మజ్జిగ పోసెను, వానల సంగతి యడిగెను. అడుగవలసిన దొక్కటే యడుగలేదు.

దాలమ్మయే చేయి కడుగుకొని వచ్చి, "ఇప్పుసూడవేటమ్మా? పామేటీ నేదందుల" అనెను.

పేరిందేవి ముడి విప్పెను. అవి గౌనులు కావు. గౌనులను విప్పి, ముక్కకు ముక్క చేర్చి కుట్టిన యొక్క రవిక. చిలుకపచ్చ వీపు, ఎఱ్ఱచుక్కల చేతులు, పసుపుపచ్చని మెడపట్టీ. కుట్టు వంకరటింకరగ నుండెను. ముడులు పైకి గనబడుచుండెను. ఆమె గుడ్డను వెలుతురునకు బట్టి చూచెను. ఎండలో వెలిసిన మేర యొకటి, దాని ప్రక్కనే లోపలిమడత విప్పగా బయటబడి తరువాత గొంత వెలిసిన మేర యొకటి, రెండవమడతయును విప్పగా వెలువడి నిన్న గొన్నట్లున్న మేర యొకటి. నడుమ బాతకుట్ల రంధ్రములు చీమలబారుగ సాగుచుండెను. పిల్ల తొడిగినది. బిగువైనప్పుడెల్ల మడత విప్పుకొని, మఱల మఱల దొడిగినది.

ఆమెకు గన్నీరాగలేదు, ఆపుకొన బ్రయత్నింపనును లేదు.

"ఏడుపెందుకమ్మా? ఆ కుట్లు విప్పీ కుట్టీ, విప్పీ కుట్టీ పని నేర్సీసింది గుంట. దారం ఇచ్చింది ఆ పినతల్లే" అని చెప్పి, దాలమ్మ రవికను జాపిపట్టి పకపక నవ్వెను. "గానీ ఇదేటి? రవికా, గోనెసంచా? నీలాటోళ్లు ఇద్దరు పడతారిందుల."

నిజమే. పేరిందేవి యేనాడును బలిసినది కాదు, పిట్టవంటి మనిషి. ఆ రవిక భుజములు మోచేతుల దాక జారునంత వెడల్పుగ నుండెను.

"నాను సెప్పినానమ్మా. ఓలమ్మా, మీ పెద్దమ్మ ఇంతే ఉంటాది, కొలత సెప్తానుండూ అన్నాను. ఇనుకుంటే గదా! నాకు తెలుసు అంది. 'పెద్దమ్మని పట్టుకుంటే నా సేతులు ఎనకాల అందేవి కావు, అంత ఉంటాది' అని ఇలగ సేతులు సాపి సూపించి కత్తిరించీసింది."

పేరిందేవి దాలమ్మ చాచిన చేతుల నడుమనున్న శూన్యమును జూచెను. ఇక్కడ దన సూది బిడ్డను బెరుగనీయలేదు; అక్కడ బిడ్డ కత్తెర తన్ను దఱుగనీయలేదు. ఆమె రవికను గన్నులకద్దుకొని, పసుపు తెచ్చి కొత్తబట్టకు బెట్టినట్లే దాని నాలుగు మూలలను బొట్లు పెట్టి, ఇచ్చినది యెదుట లేకున్నను, నోమునాడు చెప్పునట్లు "పుచ్చుకుంటినమ్మా వాయనం" అని మెల్లగా ననెను.

పిదప "ఎంత ఎదిగింది?" అని దాలమ్మ నడిగెను. దాలమ్మ తన చెవియొద్ద చేయిపెట్టి చూపెను. పేరిందేవి యొడిలోని కొత్తగౌను కచ్చాకుట్టు నొక్కపెట్టున లాగివేసి, వెలుపలి సుద్దగీతమీద మొదటినుండి కుట్ట మొదలుపెట్టెను. కుట్టుచున్నంతసేపును సూది గీత తప్పలేదు.

సాయంకాలము జగ్గునాయుడు రవికను జూచి, "పక్కలు రెండూ లోపలికి మడిచి కుట్టుకో, సరిపోతాది" అని సలహా చెప్పెను.

"వద్దండి. అది సరిపోయే ఉంది" అని యామె యనెను.

మఱునాటి శుక్రవారము పేరిందేవి యా రవికనే తొడిగి పేరంటమునకు బోయెను. ఒకతె నోరు నొక్కుకొనెను. ఒకతె కిసుక్కున నవ్వెను. అచ్చియ్యమ్మ దగ్గఱకు వచ్చి, "ఇదేటే, ఎవరి రవిక తొడుక్కొచ్చీసినావు?" అని నవ్వబోయి, చిలుకపచ్చని వీపును జూచి యాగిపోయెను. అది తానిచ్చిన గుడ్డ. తక్కినవారును వంగి చూచి, ఇది నాది, ఆ చుక్కలది నాది యని తమతమ గుడ్డలను గుర్తుపట్టి, మొదటిసారిగ నటనలు మాని పైకే చెప్పిరి.

"నాదే అచ్చియ్యక్కా. తొడుక్కోమని పెట్టేరు గదా, తొడుక్కున్నాను. కుట్టింది నా పిల్ల" అని పేరిందేవి చెప్పెను. ఎవ్వరును మఱల నవ్వలేదు.

ఇంటికి వచ్చు దారి సముద్రపుటొడ్డున బోవును. పొద్దు వ్రాలుచుండెను. ఒకచేత దాంబూలము, ఒకచేత మఱల నొక రవికెగుడ్డ పట్టుకొని యామె బరంపురపు దిక్కునకు మొగమై క్షణకాలము నిలువబడెను. అంతట సముద్రముమీది గాలి విసురుగ వచ్చి యా వదులురవికలో దూఱి చేతులను, వీపును నిండ నుబ్బించెను. అల్పకాయురాలగు పేరిందేవి యా మలిసంజలో నాఱేండ్లపిల్ల చేతులు చుట్టిరానంత మనిషి యయ్యెను.