మూడు మిల్లీమీటర్ల అక్షరాలు

ఉమాపతి సార్ ఫియట్ కారును నేను ఎన్నడూ చూడలేదు. యూనివర్సిటీ చదువు కోసం వచ్చి, తార్నాకలో వాళ్ళింటి పైగదిలో నేను అద్దెకు దిగేసరికే దాన్ని తుక్కు కింద అమ్మేశారు. నేను చూసింది దాని బొమ్మను. అసలు కారులో ఇరవై నాలుగో వంతు, పొడవు జానకు తక్కువే.

సార్‌ది తెనాలి దగ్గర ఊరు. ఉద్యోగం మీద ముప్పై అయిదేళ్ళ కింద వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. బొమ్మ కార్లు చేయడం ఆయన వ్యాపకం. డబ్బాల్లో దొరికే రెడీమేడ్ ముక్కలు కొనరు. తెల్లటి ప్లాస్టిక్ రేకును కోసి, అతికించి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ఒక్కో కారుకు ఏడాది పట్టినా తొందరపడరు. ఈ ఫియట్ హెడ్‌లైట్ల అద్దాలు ఆయన భార్య వేదవతి ఆంటీ బీపీ మాత్రల అట్ట మీది బుడగలు. వైపర్లు పాడైన ఇయర్‌ఫోన్‌లోని రాగి పోగులు. సీట్లు ఎండకు వెలిసినట్టు కనిపించడానికి రంగు ఆరిన తర్వాత పౌడరు అద్దారు.

అంతా అయింది కానీ చివరి సన్నపనికి ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు నేను అద్దె రసీదు కోసం కిందికి వెళితే, నా వేళ్ళ వంక చూసి, "ఏం పని చేసేదానివమ్మా ఊళ్ళో?" అన్నారు.

"బీడీలు చేసేదాన్ని సార్. అమ్మతోని."

మా అమ్మ బాలలక్ష్మి ఇప్పటికీ రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది. నేను బడికి పోయే ముందు రెండు వందలు, వచ్చాక మూడు వందలు మూతి మడిచేదాన్ని. సార్ ఒక జీరో సైజు కుంచె నా చేతిలో పెట్టి డాష్‌బోర్డు మీద స్పీడు ముల్లు గీయమన్నారు. గీశాను. ఆయన భూతద్దంలో చాలాసేపు చూసి, "వేదా, ఇటు రా ఓసారి" అని ఆంటీని పిలిచారు.

"ఏవిటండీ, నాకు కనపడదని తెలిసీ! దొరికారు ఇద్దరికి ఇద్దరూ. కూర మాడినా తెలీట్లేదు ఆ గమ్ము కంపుకి" అంది ఆంటీ.

అప్పటి నుంచి ఆదివారాలు నేను ఆ గదిలోనే ఉండేదాన్ని. నంబరు ప్లేటు రాయడం సార్ నాకు ప్రత్యేకంగా నేర్పారు. అక్షరం ఎత్తు మూడు మిల్లీమీటర్లు. ముందు పాదాలు, అంటే అక్షరం అడుగు గీతలు పెట్టాలి, తర్వాత నిలువు గీత, ఊపిరి బిగబట్టి కాదు, వదులుతూ. అసలు కారుకు అక్షరాలు రేకు మీద ఎత్తుగా ఉండేవట. ఆ ఎత్తు కనిపించాలంటే ప్రతి గీతకూ కింద, కుడివైపున, వెంట్రుకంత బూడిదరంగు. దాన్ని ఆయన నీడ అనేవారు. "నీడ లేకపోతే అది రాత, నీడ ఉంటే అది ప్లేటు" అనేవారు.

ఏపీ 10 తో మొదలయ్యే ఆ నంబరును నేనే రాశాను. కారు పూర్తయింది. దాన్ని లాలాపేటలో మెకానిక్ రాజలింగుకు ఇవ్వాలని సార్ మొదటి నుంచీ అనుకున్నారు. అసలు కారును పద్దెనిమిదేళ్ళు బాగుచేసింది అతనే. చూపు తగ్గి, వచ్చే ఆదివారంతో షెడ్డు మూసేస్తున్నాడు. ఆ షెడ్డులోనే, అతని పానాల పెట్టె పక్కనే కారును పెట్టి చూపించాలని సార్ కోరిక.

అది రెండు వేల పదకొండు, ఎండలు ముదురుతున్న రోజులు. క్యాంపస్‌లో క్లాసుల కంటే ధర్నాలు ఎక్కువ. నేను నినాదాలు ఇచ్చేదాన్ని కాదు, నా గొంతు లేవదు. కానీ చెయ్యి ఉంది కదా. బ్యానర్లు రాసేదాన్ని. తెలంగాణ నాకు వేరేవాళ్ళు చెప్పిన మాట కాదు. మా బోర్లలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయో నాకు తెలుసు.

శుక్రవారం తార్నాక చౌరస్తాలో టెంటు వేశాం. బండ్లను ఆపి, నంబరు ప్లేటు మీద ఏపీ ఉన్నచోట టీజీ అని స్టిక్కర్ అంటించడం ఆ మూడు రోజుల కార్యక్రమం. నేను టెంటు లోపల బల్ల దగ్గర కూర్చుని స్టిక్కర్లు రాస్తున్నాను. దుమ్ముకూ ఎండకూ ముఖానికి చున్నీ చుట్టుకున్నాను, కళ్ళే కనిపిస్తాయి. మా పక్క ఊరి నాగేష్ బండ్లు ఆపుతున్నాడు. వాడు ఎంఏ చదువుతున్నాడు, నన్ను చెల్లె అంటాడు.

పదకొండింటికి సార్ స్కూటర్ వచ్చింది. కాళ్ళ దగ్గర అట్టపెట్టె. నా చెయ్యి ఆగిపోయింది.

స్కూటర్‌కు స్టిక్కర్ వేశారు. "డబ్బల ఏమున్నది సారూ?" అని ఎవడో అడిగాడు. పోనిస్తే పోయేదే. కానీ సార్‌కు కారును చూపించే అవకాశం వస్తే ఆగలేరు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, మూత తెరిచారు.

"అబ్బ! గీ డోర్లు గూడ తెరుసుకుంటయారా?"

"తెరుచుకుంటాయి బాబూ. కాస్త మెల్లగా, అది ప్లాస్టిక్కు."

"మెల్లగానండీ బాబూ... ప్లాస్టిక్కండీ..." అని వెనక ఒకడు సాగదీశాడు. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వబోయారు.

"అరే, దీనికి గూడ ఏపీ నంబరే ఉన్నది గదరా!" అన్నాడు ఇంకొకడు. నవ్వు పెద్దదైంది. నాగేష్ కారును పరిశీలనగా చూసి, టెంటు లోపలికి వచ్చి నా ముందు వంగాడు. "చెల్లే, గింతంత స్టిక్కర్ రాయరాదే. నీతోనే అయితది."

నేను తల ఎత్తలేదు. ఆయన మా ఇంటాయన అని చెప్పడానికి అదే సమయం. నాగేష్ మంచివాడే, చెబితే వదిలేసేవాడు. కానీ వాడి వెనక ఇరవై మంది ఉన్నారు. ఆంధ్రోళ్ళ ఇంట్ల ఉంటుందట అని మొన్ననే హాస్టల్లో ఎవరో అన్నారు. నేను స్టిక్కర్ కాగితంలోంచి చిన్న పీలిక కత్తిరించాను.

తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పెన్ను ముట్టుకోగానే చుట్టూ ఉన్న చప్పుడు తగ్గిపోయింది. ముందు పాదాలు, తర్వాత నిలువు గీత. టీ బాగా వచ్చింది. జీ వంపు ఇంకా బాగా వచ్చింది. బల్ల మీద పెన్సిల్ కూడా ఉంది. కింద, కుడివైపున, వెంట్రుకంత నీడ పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాలూ నేను సంతోషంగా ఉన్నాను.

నాగేష్ దాన్ని బొటనవేలితో గట్టిగా ఒత్తి అంటించాడు. "జై తెలంగాణ అనుండ్రి సారూ, పోదురు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. సార్ చిన్నగా అన్నారు. తర్వాత కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ ప్లేటును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. చూసి టెంటు వైపు తిరిగారు. నేను వంగి కింద పడని పెన్ను మూత వెతికాను. లేచేసరికి స్కూటర్ లాలాపేట వైపు కాదు, ఇంటి వైపు తిరిగి పోతోంది.

సాయంత్రం నాగేష్‌కు చెప్పాను. వాడు నోరు తెరిచి, "మీ ఓనరా? ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు. నా ముఖం చూసి, "ఏం గాదు తియ్యి చెల్లే. కొట్టినమా, తిట్టినమా? స్టిక్కరే గద" అన్నాడు. నిజమే, స్టిక్కరే.

శనివారం నేను మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. ఆదివారం పొద్దున ఆంటీ కింది నుంచి పిలిచింది. "అమ్మాయ్, సార్ రమ్మంటున్నారు. రెండ్రోజులుగా ఆ గదిలోంచి కదల్లేదు, నువ్వైనా టిఫిన్ తినమని చెప్పు."

సార్ బల్ల ముందు కూర్చుని ఉన్నారు. స్టిక్కర్ తీస్తే కింది రంగు కూడా ఊడి వచ్చింది. ఊడిన పీలికను పారేయకుండా ఒక అట్టముక్కకు అంటించి పెట్టారు.

"ఇది మళ్ళీ రాయాలమ్మా. అయిదింటికి రాజలింగు షెడ్డుకి తాళం వేస్తాడు." తర్వాత పీలిక వైపు చూసి, "ఎవరో గానీ మంచి చెయ్యి" అన్నారు.

ఆయనకు తెలియలేదని నా గుండె కుదుటపడింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. మామూలుగా రాస్తే ఈ అక్షరాలు, ఆ పీలిక మీది అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే చెయ్యి అని పసివాడు కూడా చెబుతాడు. అందుకని కావాలనే కుంచెను జార్చాను. ఏపీలోని మొదటి అక్షరం వంకరగా వచ్చింది.

"చెమట పట్టిందేమో, కడుక్కుని రా" అన్నారు. స్పిరిట్ దూదితో ఆ అక్షరాన్ని ఆయనే తుడిచారు.

రెండోసారి తిన్నగా రాసి నీడ మానేశాను.

"నీడ పెట్టలేదు."

"మరిచిపోయిన సార్."

మళ్ళీ దూది తీసుకున్నారు. ఆయన చెయ్యి వణికి బంపరుకు తగిలింది, ఏడాది పాటు రుద్దిన బంపరు మీద సన్నటి గీత పడింది. ఆయన ఆ గీతను చూసి, మళ్ళీ అక్షరాలు తుడవడం మొదలుపెట్టారు. నేను కుంచె కింద పెట్టాను.

"గది నేనే రాసిన సార్. టెంట్ల నేనే ఉన్న."

తుడవడం పూర్తిచేసి దూది పక్కన పెట్టారు. "తెలుసు. ఈ తార్నాకలో అలా నీడ పెట్టేది ఇంకెవరు? నువ్వే చెబుతావని చూశాను, నిన్నంతా."

"సార్, ఉద్యమం తప్పని మీరు..."

"అది వేరే మాట. మీ ఊరి బోర్ల సంగతి నువ్వు చెబితే నేను కాదన్నానా ఎప్పుడైనా?" స్పిరిట్ సీసాకు మూత పెట్టారు. "ఆ కుర్రాళ్ళు నా మాటను వెక్కిరిస్తున్నప్పుడు, ఈయన మా ఇంటాయన అని ఒక్క మాట అనొచ్చు కదమ్మా."

"అంటే నన్ను..."

"ఆఁ. నిన్నేమంటారోనని. అదీ తెలుసు."

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఆయన కుంచెను నా వైపు జరిపారు. నేను రాశాను. నీడ పెట్టాను. ఆయన భూతద్దంలో చూసి బాగుంది అన్నారు, ప్రతిసారీ అన్నట్టే.

నాలుగింటికి సార్ పెట్టె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. "నేను వెనక కూసుంట సార్, డబ్బ పట్టుకొని. ఈసారి ఆపితే నేనే చెప్త."

"ఆపుతారంటావా?"

"ఆపుతరు సార్. పొద్దుగూకేదాక ఉంటరు."

ఆయన ఎక్కమన్నారు. నేను చున్నీని ముఖానికి కట్టుకోలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఆ ఒక్క మాటను దారి పొడవునా లోపల అనుకుంటూ వచ్చాను. ఈయన మా ఇంటాయన. ఈయన మా ఇంటాయన.

చౌరస్తాలో టెంటు ఖాళీగా ఉంది. అందరూ క్యాంపస్‌లో సభకు పోయినట్టున్నారు. బల్ల మీద ఒక మంచినీళ్ళ క్యాను, బల్ల కింద నీడలో పడుకున్న కుక్క. సిగ్నల్ పచ్చగానే ఉంది, అయినా సార్ టెంటు ముందు స్కూటర్‌ను ఆపి ఒక కాలు నేల మీద పెట్టారు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆయన అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను. ఎవరూ రాలేదు.

"సరే మరి" అని సార్ గేరు వేశారు.