చివర తీసిన ఫోటో

1964 ఫిబ్రవరిలో, ముత్తుకూరుకు తూర్పున ఉప్పుటేటి రేవు వద్ద జరిగిన సన్మాన సభకు హాజరైనవారు, ఆసీనులైన వరుసలో: నడుమ పంచాయతీ ప్రెసిడెంటు వెంకయ్య, కుడివైపున కరణం మాలకొండయ్య, ఎడమవైపున విశ్రాంత ప్రధానోపాధ్యాయులు పద్మనాభయ్య, వారి వెనుక పంచాయతీ సభ్యులు, ఆ వెనుక చాపల మీద ఊరివారు.

సన్మానం పొందవలసిన హెబ్రోను ఏ వరుసలోనూ లేడు. కుర్చీలు చాలకపోతే బడి నుండి మోసుకొస్తున్నాడు. తిరగబడిన పడవ కింది నుండి నలుగురు బడిపిల్లలను ఒడ్డుకు చేర్చినవాడు అతడే. ఆనాడు ఉప్పునీరు మింగినప్పుడు పట్టుకున్న దగ్గు ఇంకా వదలలేదు.

“ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య,” అని గొణిగింది అతని భార్య రెబెక్కమ్మ.

“ఊరుకోవే. ఫోటో తీస్తారంట. మన పెండ్లికి గూడా లేకపాయె గదా,” అని నవ్వి, ఆమె ఒడిలోని పసిబిడ్డ ఏసుమణి బుగ్గ గిల్లి వెళ్ళాడు.

ఫోటోలు తీసేది పద్మనాభయ్య గారు. ఆయన ఏళ్ళ తరబడి వాడిన డబ్బా కెమెరాలో ఫిల్ము కాగితం కప్పుకొని ఒక చుట్ట నుండి మరొక చుట్టకు చేరేది; అయిపోగానే తలుపు తెరిచి తీసుకోవడమే. ఇప్పుడు మెడలో ఉన్నది కొత్త కెమెరా. ఇందులో ఫిల్మును వెనక్కి చుట్టిన తరువాతే తలుపు తీయాలి. ఆ సంగతి చెప్పే చిన్న పుస్తకాన్ని, తమకు ఒకరు నేర్పేదేమిటని, ఆయన బీరువాలో పడేశారు.

మొదట దండతో ప్రెసిడెంటు. పిమ్మట కరణంతో ప్రెసిడెంటు. పిమ్మట సభ్యులందరితో ప్రెసిడెంటు. హెబ్రోను రెండుసార్లు దగ్గరికి వచ్చాడు.

“నువ్వు ఇంట్లో మనిషివి గదరా, చివర్న తీసుకుందాం,” అన్నాడు వెంకయ్య.

ఎండ నడినెత్తికి వచ్చాక పిలుపు వచ్చింది. హెబ్రోను సభలో కప్పిన శాలువా సవరించుకొని, దగ్గు ఆపుకొని, పడవ పక్కన నిలబడ్డాడు. ఒక్కటి తీశారు. మీట మరి కదలలేదు. ఫిల్ము అయిపోయింది.

“ఏమయ్యా పద్మనాభయ్యా, ఆ ఫిల్మిటియ్యి! నెల్లూరికి కారు బయల్దేరుతుండాది!” అని కేకేశాడు వెంకయ్య.

పాత అలవాటున ఆయన ఆ ఎండలోనే కెమెరా వెనుక తలుపు తెరిచారు. లోపల బూడిదరంగు పట్టీ తళుక్కుమంది. టక్కున మూసి, అప్పుడు ఫిల్మును వెనక్కి చుట్టసాగారు.

“ఏమైంది సారూ?” అంది రెబెక్కమ్మ.

“ఏమీ కాలేదు. నువ్వు అవతలికి వెళ్ళు.”

నెల తిరగకముందే హెబ్రోను ఆ దగ్గుతోనే పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందే ఫోటోలు వచ్చాయని విని, రెబెక్కమ్మ బిడ్డను చంకన వేసుకొని పద్మనాభయ్య గారి అరుగు ముందు నిలబడింది. ప్రెసిడెంటు ఉన్నాడు. కరణం ఉన్నాడు. కుర్చీలు ఉన్నాయి. మోసినవాడు లేడు.

“చూడమ్మా, ఇది శాస్త్రం,” అన్నారాయన. “తొలుత తీసినవి చుట్టలో లోపల ఉంటాయి. కడపట తీసినది పైన ఉంటుంది. వెలుతురు పైదాన్నే కాలుస్తుంది. ఇందులో ఎవరి పక్షపాతమూ లేదు.”

“కడాన నిలబెట్టింది ఎవురు సారూ? ఎలుతురా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నా బిడ్డ నాయనేడీ అంటే, ఏ మొగం చూపించేది?”

ఆయన “సభకు గుర్తుగా ఇది ఉంచుకో,” అని దండతో ఉన్న ప్రెసిడెంటు ఫోటో అందించారు. ఆమె దాన్ని అరుగు మీద బోర్లా పెట్టి దిగిపోయింది.

తన మాట పంచాయతీలోనైనా చెప్పుకోవాలని తరువాతి సమావేశానికి వెళ్ళి గడప బయట కూర్చుంది. ఆమెను ఎవరూ పలకరించలేదు. కరణం లేచి ఒక తీర్మానం చదివాడు. పద్మనాభయ్య గారు తల వంచుకొని విన్నారు; వద్దని మాత్రం అనలేదు.

“సన్మాన సభలో మిక్కిలి ప్రయాసకోర్చి ఫోటోలు తీసి, ఆ ఫిల్మును సురక్షితముగా నెల్లూరు చేర్పించినందులకు శ్రీ పద్మనాభయ్య గారికి ఈ పంచాయతీ తన హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేయుచున్నది.”