అమ్మకు అందే ఎత్తు

తిరుమలగిరిలో మా మేనమామ ఐలేశం మంచం పట్టాడనీ, చెల్లెలిని చూడాలని కలవరిస్తున్నాడనీ కబురు వచ్చిన రోజు మా అమ్మ గుర్వమ్మ ఏడవలేదు. చాటలో పెసర్లు చెరుగుతూనే, "బస్సెక్కుడు నాతోని గాదు. ఎట్ల పోవాలె?" అంది. నన్ను అడిగినట్టు లేదు. చాటను అడిగినట్టుంది.

మా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు అమ్మ ఎముకల్లో ఎప్పటి నుంచి పని చేశాయో ఎవరికీ తెలియదు. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె మోకాళ్లు పూర్తిగా సాగేవి కావు. నేను పదో తరగతికి వచ్చేసరికి నడుము వంగి, వంగినచోటే బిగుసుకుపోయింది. రెండు చేతులూ కర్ర మీద మోపి, పాదాలను నేల మీద జరుపుతూ నడుస్తుంది. బస్సు మెట్టు సంగతి అటుంచి, గడప దాటడమే ఆమెకు పెద్ద పని. బాపు లేడు. ఇంట్లో మేమిద్దరమే.

ఒకసారి నల్లగొండ దవాఖానకు తీసుకుపోవడానికి ఇద్దరు మగవాళ్లు ఆమె చంకల కింద చేతులు వేసి జీపులోకి ఎత్తారు. నొప్పికి అరిచింది. కొంగు జారిపోయింది. సర్దుకోవడానికి ఆమెకు చెయ్యి అందలేదు. చుట్టూ చేరినవాళ్లలో ఎవడో, "ఉప్పు బస్త నయం, ఒర్లదు" అని నవ్వాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు. "పానముండంగ నన్నింక ఎవ్వరు ఎత్తొద్దు" అని మాత్రం చెప్పింది. ఆ తర్వాత ఆమె ఊరు దాటలేదు.

కబురు వచ్చిన మర్నాడు శుక్రవారం. పక్కింటి హనీఫా చిన్నమ్మ కొడుకు షరీఫ్ చిట్యాల నుంచి ఇంటికి వచ్చాడు. అతనికి అక్కడ హైవే పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. తల్లీకొడుకులు మామను గురించి అడగడానికి వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఏదో ఒకటి మాట్లాడాలి కదా. హనీఫా చిన్నమ్మ మాట మళ్లించింది.

"మావోనికి ఒక జిద్దు కారు దొరికిందక్కా. కూసోమంటె లేస్తదంట."

షరీఫ్ నవ్వాడు. ఆ కారు చిట్యాల రైసుమిల్లు రఘుపతిది. వేలంలో కొన్న విదేశీ పాత కారు. చాలా పొడుగు. వెనక తలుపు పైకి లేస్తుంది, లోపల మంచమంత జాగా. ఆయనకేమో అది నేలకు దగ్గరగా, బొమ్మల్లో చూసిన కార్లలా కనిపించాలి. దించమని షరీఫుకు అప్పగించాడు.

"నాలుగు స్ప్రింగులు తలొక చుట్టు కోసిన పెద్దమ్మా. మంచిగనే దిగింది. ఇంజను చాలు చేసి జరంత దూరం పోయొచ్చేవరకు, ముందర దిగిందె ఉన్నది, వెనక మాత్రం ఎప్పటి లెక్కనే లేసి నిలవడ్డది. సేటు జూసి, 'ఏందిర, నా కారు నీకు దండం పెడుతాంది' అన్నడు."

"ఎందుకు లేసింది?" అని అడిగాను.

"దాని వెనక షాకబ్జర్లల్ల నూనె ఉంటది. ఇంజను తిరిగితె పంపు తిరుగుతది. కింద ఒక చిన్న కడ్డీ ఉన్నది. బరువుకు బండి కుంగిందనుకో, ఆ కడ్డీ ఒక గేటు తెరుస్తది. నూనె వచ్చి మళ్ల ఎత్తుతది. ఎంత మందెక్కినా వెనక సమంగ ఉండాలెనని చేసిన్రు. నేను స్ప్రింగులు కోస్తె అది బరువెక్కిందనుకున్నది. కోసుడు గాదు, ఆ కడ్డీ పొడుగు మార్చాలె."

అమ్మ చెరగడం ఆపింది. "ఆ కడ్డీ ఊడదీస్తె?"

"ఊడదీసి, గేటు అటు మలిపితె నూనె వాపసు పోతది. వెనక మొత్తం కూసుంటది."

"ఎంత కిందికి?"

షరీఫ్ చెయ్యి చాచి నేలకు పైన కొంత ఎత్తులో పట్టుకున్నాడు. అమ్మ ఆ చేతిని చూసి, తర్వాత గడప పక్కనున్న మా పొట్టి అరుగును చూసింది. రోజూ పొద్దున్నే వెనక్కి తిరిగి, కర్ర ఆనించి, ఎవరి సాయం లేకుండా ఆమె కూర్చునే అరుగు అది.

"గంత ఉంటదా?"

షరీఫుకు ఆమె ఏమడుగుతోందో అర్థమైంది. అతను లేచి పోయి అరుగు మీద చెయ్యి పెట్టి కొలుచుకున్నాడు. "ఉంటది పెద్దమ్మా," అన్నాడు.

రఘుపతి కాదనలేదట. "దూరం నడిపి చూడాల్నంటివి గద, తిరుమలగిరి దాక పో. గుంతలల్ల జర పైలం" అన్నాడట. షరీఫ్ కడ్డీ మార్చకుండానే, మొదట ఉన్న కడ్డీతోనే కారు తెచ్చాడు. మా ఊరి బాటకు కింద ఉన్న బండి పనికిరాదు, అడుగు రాళ్లకు కొట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు దించాలి, నడిచేటప్పుడు లేవాలి, దిగేటప్పుడు మళ్లీ దించాలి.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో అతను పక్కకు పడుకుని చెయ్యి లోపలికి చాచి కడ్డీ ఊడదీశాడు. కారు వెనక భాగం మెల్లగా కుంగసాగింది. మేం చాయ తాగడం పూర్తయ్యేసరికి అరుగంత ఎత్తుకు వచ్చింది. అమ్మ వెనక్కి తిరిగింది. అంచు మీద కూర్చుంది. అరచేతులు నొక్కిపెట్టి, పరిచిన బొంత మీదికి తనే జరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. హనీఫా చిన్నమ్మ కొంగు సర్దబోయి, అది సరిగ్గానే ఉందని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

కడ్డీ మళ్లీ బిగించి ఇంజను నడిపాక, ఊరి చివర అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "సుగుణా, లేస్తాంది" అంది, కడుపులో పాపాయి కదిలినప్పుడు చెప్పినట్టు.

దారంతా ఆమె వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. తన అన్న వచ్చినప్పుడల్లా వాళ్ల బావి నీళ్లు డబ్బా నిండా మోసుకొచ్చేవాడని చెప్పింది.

గుంతలకు మెల్లగా నడిచిన కారు మామ ఇంటి ముందు ఆగేసరికి పొద్దు వాలుతోంది. మామ కొడుకులు నర్సింహ, కృష్ణయ్య బయటికి ఉరికొచ్చారు.

"అత్తా, జల్ది రా. బాపుకు దమ్ము ఎగపోస్తాంది. నిన్నె అడుగుతాండు."

షరీఫ్ అప్పటికే నేల మీద పడుకున్నాడు. దారి దుమ్ము, మట్టి పేరుకుని కడ్డీ బిగుసుకుంది. గోటితో గీకి, సుత్తితో తట్టి ఊడదీశాడు. గేటు మళ్లింది. కారు కుంగడం మొదలైంది, కానీ పొద్దునలాగే, అదే నిదానంతో. పొద్దున మాకు తొందర లేదు.

"ఏమాయె? టైరు పోయిందా?" అని గల్లీలో ఎవరో అడుగుతున్నారు.

లోపలి నుంచి మామ భార్య హనుమమ్మ అత్త వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "ఇంకేం జూస్తాన్రు రా? ఎత్తుకరాండ్రి! లోపల మనిషి ఆగేటట్టు లేడు."

నర్సింహ చేతులు చాచి ముందుకు వంగాడు. అమ్మ అతని చేతులను చూసింది. తలుపు తెరిచి ఉన్న ఇంటిని చూసింది. నేలను చూసింది. అది ఇంకా ఆమె పాదాలకు దూరంగానే ఉంది. ఆమె కర్రను పక్కన పెట్టడం నేను చూశాను. కొంగును రెండు చుట్లు తిప్పి గట్టిగా నడుముకు దోపుకుంది. ఎత్తమని చెప్పడానికి నోరు తెరవబోతోంది.

పెద్దవాళ్ల మధ్య నేను గొంతెత్తి ఎరగను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎత్తకు బావా. నువ్వే ఎక్కి కూసో."

"ఏందే?"

"షరీఫన్నా, నువ్వు బయటికి రా. అందరు అమ్మ పక్కన కూసోండ్రి."

"మతుండె మాట్లాడుతానవా?" కృష్ణయ్య అరిచాడు. "ఆడ మా బాపు పోతాంటె కారెక్కి కూసోమంటవా?"

షరీఫ్ దుమ్ముతో లేచి నిలబడ్డాడు. "ఆమె చెప్పింది నిజమే అన్నా. నూనె పోయే తొవ్వ తెరిచే ఉన్నది. ఇంజను బందున్నది, మళ్ల లేవదు. పెద్దమ్మ బరువెంత? మీరు కూసుంటె జల్ది దిగుతది."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హనుమమ్మ అత్త మాత్రం ఆగలేదు. ఆమె బాగా ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి. కారు వెనక్కి వచ్చి, "జరుగు గుర్వమ్మా" అని అంచు మీద కూలబడింది. కారు గట్టిగా నిట్టూర్చి కుంగింది.

"ఇన్నేండ్లు నా బరువును జూసి నవ్విండు మీ అన్న" అంటూ ఆమె ఏడ్చింది.

నర్సింహ ఒక పక్క, కృష్ణయ్య ఇంకో పక్క కూర్చున్నారు. నూనె వాసన వచ్చింది. అమ్మ పాదాలు నేలను తాకాయి. నేను కర్ర అందించాను. ఆమె దాని మీద భారం వేసి లేచింది. లేచి నిలదొక్కుకునేదాకా ఆ ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు.

తర్వాత ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. గడప దగ్గర హనుమమ్మ అత్త ముందుకు పోయి అడ్డమున్న చెంబు తీసింది, అంతే.

మామ పొట్టి నులకమంచం మీద ఉన్నాడు. చూడవచ్చినవాళ్లందరూ అతని మొహం చూడడానికి వంగుతున్నారు, మోకాళ్ల మీద కూర్చుంటున్నారు. అమ్మ మంచం పక్కకు పోయి ఊరికే నిలబడింది. నేలను చూస్తూ ఉండే ఆమె మొహం సరిగ్గా ఆయన మొహం మీదికి వచ్చింది. మామ కళ్లు తెరిచాడు. ఎన్నో ఏళ్లుగా మాలో ఎవరమూ అంత సూటిగా అమ్మ మొహాన్ని చూసి ఉండం.

"గుర్వీ," అన్నాడు. ఊపిరి తీసుకుని, "ఎట్లొస్తివే?"

"కారుల వచ్చినన్నా."

"దించిందెవరు?"

గుమ్మంలో నిలబడ్డ వదిన వైపు, మేనల్లుళ్ల వైపు అమ్మ తల తిప్పలేదు, తిప్పడం ఆమెకు వీలూ కాదు.

"వీళ్లంత కూసున్నరు," అంది. "నేను దిగిన."

మామకు అది అర్థమైందో లేదో తెలియదు. ఆయన పెదవులు కదిలాయి. దీపాలు పెట్టేవేళకు పోయాడు. అప్పటిదాకా ఎవరో తెచ్చిన పీట ఖాళీగానే ఉంది. అమ్మ కూర్చోలేదు.