పెనుకొండలో మంత్రిగారి కుళాయి

మా మనవరాలు అంజుమ్ నిఖాకు ముందురోజు పెనుకొండలో మా వీధికి నీళ్లు రాలేదు. హిందూపురం నుంచి పెళ్లివారు, ధర్మవరం నుంచి వంటవాడు వస్తున్నారు. బియ్యం కడగడానికి చెంబెడు నీళ్లు లేవు. అంతలో, వీధి చివర ఎవరో మంత్రి కొత్త కుళాయికి రిబ్బన్ కత్తిరిస్తున్నాడన్నారు. బిందె తీసుకుని పరుగెత్తాను, నా వెనకే వీధంతా.

మంత్రి తల గుమ్మడికాయంత ఉంది, అదీ కాగితంతో చేసింది. చుట్టూ నల్లకోట్ల పిల్లలు ఎగురుతున్నారు. ఆయన రిబ్బన్ కత్తిరించి కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడిదాకా నాకు మామూలు ప్రారంభోత్సవంలాగే అనిపించింది.

"ఏమప్పా మంత్రీ, నీళ్లు యాడ?" అన్నాను.

మంత్రి నడుము వంచి దండం పెట్టాడు. ఓట్లు లేని నెలలో మంత్రి అంతలా వంగేసరికి పక్కింటి ఉలిగమ్మకు భయం వేసింది. "ఏందో పెద్ద తప్పే చేసినట్టుండాడు జమ్రూదక్కా!"

ఆ ఎగిరే పిల్లలకు ఇక్కడ పనులు చూసిపెట్టే హిందూపురం మంజునాథ్ పరుగున వచ్చాడు. "అవ్వా, వీళ్లు జపాన్ నుంచి వచ్చిన డాన్సు పాటలోళ్లు. మంత్రుల్ని ఎగతాళి చేసే వీడియో తీస్తాండారు. కుళాయిలో నీళ్లు రాకపోవడమే జోకు."

"మా ఇంట్లో పొద్దున్నించీ అదే జోకు నడస్తాండాది నాయనా. ఎవురూ నవ్వలే."

"ఇంకోసారి తియ్యాల, పక్కకు జరుగవ్వా."

"బిందె నిండితే జరుగుతా."

కుళాయి కింద బిందె పెట్టి కూర్చున్నాను. నా వెనక ఉలిగమ్మ, ఆమె వెనక వీధి మొత్తం. మంత్రి తిప్పినప్పుడల్లా కుళాయి గాలి ఊదింది. మేము కదల్లేదు. ఎండ దిగిపోతోందని వాళ్ల డైరెక్టరు గోల పెట్టాడు. చివరికి గోడ వెనక ట్యాంకరు నిలబెట్టి, పైపు తెచ్చి కుళాయికి తగిలించారు. నీళ్లు ఎగిరిపడ్డాయి. మావాళ్లు మంత్రికి జై కొట్టారు. మంజునాథ్ తల పట్టుకున్నాడు.

"జోకంతా పాయె కదవ్వా!"

"పోతే పోనీ. రేపు అందరూ అన్నానికి రాండి."

వచ్చారు. మంత్రికోసం ఉలిగమ్మ మంచి కుర్చీ వేసి కాపలా కాసింది. మంజునాథ్ ఒక బక్కపలచని అమ్మాయిని చూపించి, ఆ తల లోపల ఉన్నది ఈమేనన్నాడు.

"పోప్పా! మంత్రంటే ఆ తలకాయ ఉండొద్దా?" అని ఉలిగమ్మ ఆ పిల్ల చేతికి నీళ్ల జగ్గు ఇచ్చింది. ఆ పిల్ల ఒక్క గ్లాసు కూడా ఖాళీగా ఉండనివ్వకుండా భోజనాల బంతులన్నీ తిరిగింది.

పెళ్లికొడుకు తాత అమీర్‌సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "ఈ పాపను మా వార్డులో ఓట్లకు నిలబెడితే ఒప్పుకుంటాదా? ఆ ట్యాంకరు కూడా ఆయమ్మదేనా?"