కూలబడ్డ మనిషి

చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో కుర్చీ మీద దిండు పెట్టి వెళ్తే ఆ కుర్చీ మనదే. ఎక్కడా రాసిలేని ఈ చట్టాన్ని కొలువుల కోసం చదివేవాళ్ళంతా ఒట్టేసుకున్నట్టు పాటిస్తారు. ఎస్సై పరీక్షకు చదువుతున్న శ్రీశైలం ఆ సాయంత్రం చాయ్ తాగి వచ్చేసరికి అతని దిండు నేల మీద ఉంది, కుర్చీలో ఓ వస్తాదు ఉన్నాడు.

"అన్నా, అది నా జాగ."

"నీ పేరు రాసున్నదా?" అన్నాడు వాడు తలెత్తకుండానే.

వాడి భుజాలు చూశాక శ్రీశైలానికి చట్టం గుర్తు రాలేదు. దిండు దులిపి చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూడనట్టు చూశారు. అది చూసి అతనికి ఇంకా మండింది.

అశోక్‌నగర్‌లో తన హాస్టల్ గల్లీ మలుపు తిరుగుతుండగా కేక వినిపించింది. పక్క లేడీస్ హాస్టల్‌లో ఉండే స్నేహలత చేతిలోని ఫోను లాక్కోబోయాడు ఒకడు. ఆమె బ్యాగులోంచి పెప్పర్ స్ప్రే తీసి వాడి ముఖాన కొట్టింది. శ్రీశైలం పరుగున దగ్గరికి చేరేసరికి ఫోను ఆమె దగ్గరే ఉంది. వాడు గోడవారన కూలబడి, కళ్ళు పట్టుకుని "నీళ్ళు, నీళ్ళు" అంటున్నాడు. ఆమె తన నీళ్ళ సీసా మూత తిప్పుతోంది.

అంటే, జరగాల్సింది జరిగిపోయింది. ఇక అక్కడ శ్రీశైలం చేయాల్సిన పనేమీ లేదు.

శ్రీశైలం దిండు పారేసి వాణ్ణి తన్నాడు. ఒక్కసారితో ఆగలేదు. పరుగు పరీక్ష కోసం కొన్న కొత్త బూట్లు అవి. "ఆగన్నా! అయిపోయింది, ఆగు!" అని స్నేహలత అరుస్తూనే ఉంది. మధ్యలో ఎవరో "రాసున్నదారా? పేరు రాసున్నదా?" అని గొంతు చించుకుంటున్నారు. ఆ గొంతు తనదేనని అతనికి కాసేపటికి గానీ తెలియలేదు.

గల్లీ అంతా శభాష్ అంది. మెస్సులో అడగకుండానే ఆమ్లెట్ వేశారు. దాచడమెందుకు, శ్రీశైలానికి అది బాగానే ఉంది. లైబ్రరీలో చూడనట్టు చూసిన వాళ్ళలో ఇద్దరు వచ్చి భుజం తట్టారు కూడా.

తెల్లారాక రూమ్మేట్ అఖిల్ కబురు మోసుకొచ్చాడు.

"వాడి పేరు ఎల్లేశమట. రాంనగర్ దిక్కు ఇండ్లకు రంగులేస్తడట. దవడ ఇరిగి దవాఖానల ఉన్నడు. పోలీసోళ్ళు స్నేహలతను స్టేట్‌మెంట్ ఇయ్య రమ్మన్నరట. నీ మీద కేసైతే ఎస్సై కొలువు గోవిందా."

"మరెట్లరా?"

"'వాడింకా మీదికొస్తుండె' అని ఆమె ఒక్క మాటంటే చాలు. ఆత్మరక్షణ కిందికొస్తది. పో, జర బతిమాలుకో."

అపాయం తప్పిన క్షణంలోనే ఆత్మరక్షణ హక్కు కూడా ముగుస్తుందని శ్రీశైలానికి తెలియక కాదు. మాక్ టెస్టులో ఆ ప్రశ్న తప్పు రాసిన అఖిల్‌కు విడమరిచి చెప్పింది అతనే. హింసాత్మక నేరాలకు కారణాలేమిటని వ్యాసం ఇస్తే పేదరికం, నిరుద్యోగం, తాగుడు అంటూ పేజీలు నింపి, సార్‌తో భేష్ అనిపించుకున్నాడు. అందులో ఎక్కడా కుర్చీ లేదు. కుర్చీ పోయినా ఒకడి ముందు నోరు మూసుకున్నవాడు, ఆ కసి లేవలేని ఇంకొకడి మీద తీర్చుకుంటాడని ఏ గైడులోనూ ఉండదు. తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయేంత సిగ్గేసింది. అయినా కాళ్ళు లేడీస్ హాస్టల్ గేటు దాకా వెళ్ళాయి. సిగ్గు కంటే కొలువు పెద్దది కదా.

స్నేహలత అప్పుడే బయటికి వస్తోంది.

"చెల్లె, ఠాణాకేనా?"

"అవునన్నా."

"వాడింకా నీ మీదికొస్తుండెనని చెప్పరాదా? ఒక్క మాట."

ఆమె తల దించుకుంది. "వాడు కూసున్నడు కదన్నా. నేను నీళ్ళిస్తుంటి."

"నేను కొట్టింది నీ కోసమే కదా!" గొంతు పెరిగింది. తెలియకుండానే ఓ అడుగు ముందుకు వేశాడు. "నా బతుకు పోతది, ఎరుకేనా?"

స్నేహలత గేటుకు ఆనుకుంది. "సరే అన్నా. నువ్వెట్ల చెప్పమంటే గట్లనే చెప్త. జర దూరం నిలబడు."

అమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు చూశాడు, ఆమె చెయ్యి బ్యాగులో ఉంది. లోపల దేన్ని పట్టుకుందో అడగక్కర్లేదు. ఫోను లాగబోయినవాడికీ తనకూ ఆమె కళ్ళలో తేడా లేదు. కొలువు, కేసు, దవడ అన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయి ఆ చెయ్యి ఒక్కటే మిగిలింది.

శ్రీశైలం వెనక్కి జరిగాడు. రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాడు.

"వద్దు చెల్లె. నువ్వేం చూసినవో గదే చెప్పు. నేను చేసింది నేనే చెప్త. నేను గూడ వస్త ఠాణాకు."

ఆమె గల్లీలో అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అయితే నువ్వు ముందు నడువన్నా. నా ఎనక వద్దు."

శ్రీశైలం లేచి ముందు నడిచాడు. ఆమె చెయ్యి బ్యాగులోంచి బయటికి వచ్చిందో లేదో, వెనక్కి తిరిగి చూడడానికి అతనికి ముఖం చెల్లలేదు.