మూడు మార్కుల కథ

ఆ గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరు చచ్చేవారు. కాగితం మీదే లెండి. ఒక వారం గొడ్డలి, ఒక వారం విషం, ఒక వారం మేడమీంచి తోసెయ్యడం. చంపినవాళ్ళు అదే చేత్తో టీ తాగి, బిస్కెట్లు పంచుకుని, ఎంతో మర్యాదగా మెట్లు దిగి ఇళ్ళకి పోయేవారు.

పుస్తకాలు బైండింగు చేసే షాపు మీద ఉంది ఆ గది. ఒకప్పుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మాస్టారు అందులో అద్దెకుంటాడు. రాయడం నేర్చుకోవాలని సరదా ఉన్నవాళ్ళ కోసం ఆయనొక ఆట కనిపెట్టాడు. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి. వచ్చినవాళ్ళు తలా ఒక చీటీ మీద కథకి మొదలు రాసి అందులో పడెయ్యాలి. ఎవరి చీటీయో తెలియకుండా చీటీ మాత్రం ఎడమచేత్తో రాయాలి. వారానికి ఒకటి తీస్తారు. దాని మీద అందరూ ఇరవై నిమిషాలు, కలం ఆపకుండా రాయాలి. అయ్యాక ఎవరి కథ వాళ్ళు చదవకూడదు, పక్కవాళ్ళు చదవాలి. పదికి మార్కులు. ఇన్నిటి మీదా ఒక పెద్ద నియమం: ఇది నిజంగా జరిగిందా అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగినవాళ్ళు ఇక ఆ మెట్లెక్కక్కర్లేదు.

నియమం పెట్టినాయన మంచి బుద్ధితోనే పెట్టాడు. మంచి బుద్ధితో చేసిన పనులు ఎంత చెరుపు చేస్తాయో ఆయనకి తెలియదు పాపం.

ఆడేది ఐదుగురు. మాస్టారు. విషాల పేర్లు గడగడా చెప్పే ఆస్పత్రి నర్సమ్మ. టైము చూసే బాధ్యత మోసే గడియారాల బాబాయ్. వీధి చివర మాంసం కొట్టు నడిపే అన్న. ఐదో మనిషి కుట్లమ్మ. కింద షాపులో అచ్చయి వచ్చిన ఫారాలు మడిచి, దబ్బనంతో కన్నాలు పొడిచి, దారంతో కుడుతుంది కాబట్టి ఆ పేరు.

కుట్లమ్మ ఆటలో దొంగాట ఆడుతోంది. మిగతావాళ్ళు వారానికి ఒక చీటీ వేస్తే ఆమె నాలుగు వేస్తోంది. కటింగ్ మిషన్ కింద రాలే కాగితం ముక్కలకేం కొదవ? డబ్బాలో సగానికి పైగా ఆమెవే. అందుకే ఐదు వారాలుగా వరసగా ఆమె చీటీలే వస్తున్నాయి.

"ఒకావిడ లోపల గడియ పెట్టుకుంది. బయట మొగుడు తలుపు బాదుతున్నాడు. తర్వాత?"

"ఇంట్లో కత్తులన్నీ దాచేసింది. ఇంకా ఏం దాచాలి?"

"మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. పనిలో అడిగితే ఏం చెప్పాలి?"

ఆమెకి మార్కులక్కర్లేదు. ఎవరో ఒకరు, పొరపాటున అయినా, ఆ చీటీలో ఆడదాన్ని బతికించే దారి రాస్తారేమోనని ఆశ. నోరు విప్పి చెప్పుకోడానికి సిగ్గు. కథగా అడిగితే సిగ్గు లేదు. ఐదు వారాలు అడిగింది. మాస్టారు తలుపు గొడ్డలితో పగలగొట్టించి, ఆవిణ్ణి మూడు ముక్కలు చేయించి, పదికి తొమ్మిది కొట్టేశాడు. నర్సమ్మ ఆవిడ చేతే మొగుడికి సూది పొడిపించి, ఆవిణ్ణి ఉరికంబం ఎక్కించింది. బాబాయ్ ఇద్దర్నీ ఒకేసారి తగలబెట్టేశాడు. చప్పట్లే చప్పట్లు.

మాంసం కొట్టు అన్న కథ ఒక్కటే చప్పగా ఉండేది. ఆయన కథలో ఆవిడ వెనక గుమ్మంలోంచి బయటపడింది. చెప్పులు చేత్తో పట్టుకుని గోడ వారగా నడిచింది. రోడ్డు మీద మొదట వచ్చిన బస్సు ఎక్కేసింది. బోర్డు కూడా చూడలేదు. సీటు దొరికింది. అంతే, కథ అయిపోయింది.

"ఇందులో కథేముందయ్యా?" అన్నాడు మాస్టారు. "పోయింది, పోయింది. నెత్తురేదీ? రోజూ మాంసం కొట్టే మనిషివి, నువ్వే ఇలా రాస్తే ఎలా?"

"నెత్తురు మరక కడగడం ఎంత కష్టమో మీకు తెలీదు మాస్టారూ," అన్నాడు అన్న, చెవులు ఎర్రబడుతుంటే. అందరూ పడీపడీ నవ్వారు.

కుట్లమ్మ కూడా నవ్వింది. ఆ కథలో ప్రతి అడుగూ మనసులో గుర్తుపెట్టుకుంది. పదికి పది వెయ్యాలనిపించింది. వేస్తే అందరూ తనవంక చూస్తారు కదా! మిగతావాళ్ళు రెండేసి వేస్తే, తను మూడు వేసింది.

ఆమె మొగుడు ఇనప షట్టర్లకి వెల్డింగ్ చేస్తాడు. గురువారం పొద్దున్న టిఫిన్ డబ్బా కోసం ఆమె సంచిలో చెయ్యి పెట్టాడు. చీటీలు దొరికాయి.

"ఏంటివి?"

"ఆటండీ. ఆదివారం ఆడతాం."

చదివాడు. మెల్లిగా, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం. చదువుతున్నంతసేపూ ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పారిపోవచ్చు. కాళ్ళు కదిలితేగా!

"ఇది ఎవరి మొగుడే?" అన్నాడు.

"ఎవరూ కాదు. ఉత్తినే."

"ఉత్తినే." ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. ముద్దుగానే పట్టుకున్నాడు. తలుపుకీ గుమ్మానికీ మధ్య సందులో, కీళ్ళ వైపు, మూడు వేళ్ళు పెట్టి భుజంతో తలుపు తోశాడు. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరుపు పైవాటాకి వినపడకుండా రెండో చేత్తో నోరు నొక్కి, మళ్ళీ ఒకసారి తోశాడు.

"రాయి ఇప్పుడు," అన్నాడు. "ఆదివారం ఆ మెట్లెక్కావో, దింపేది నేనే. నడిపించి దింపుతాననుకోకు."

డబ్బా తీసుకుని పనికి పోయాడు. కూర ఏమిటని కూడా అడిగి వెళ్ళాడు మహానుభావుడు.

షాపులో యజమాని కట్టు చూసి, "మిషన్లో పెట్టావా ఏంటమ్మా?" అన్నాడు. "అవునండి," అంది. మూడు రోజులు ఎడమచేత్తోనే ఫారాలు మడిచింది. నొప్పికి కళ్ళు తిరిగేవి. నొప్పి కన్నా భయం ఎక్కువ. అతను అన్నంత పనీ చేసే మనిషి. ఈసారి చేస్తే ప్రాణం దక్కదని ఆమెకి తెలుసు.

అయినా ఆదివారం మెట్లెక్కింది. ఎందుకంటే ఆట రేకు డబ్బాలో ఇంకో చీటీ ఉంది. కిందటి వారం వేసింది. ఒకే మాటలు, ఆరు చీటీల మీద రాసి మరీ వేసింది. దానికి జవాబు వినకుండా చస్తే వృథాగా చచ్చినట్టే అనిపించింది. దబ్బనం ఒకటి చీర మడతలో పెట్టుకుంది.

బాబాయ్ చీటీ తీసి చదివాడు. "ఆవిడకి ఇరవై నిమిషాలే టైముంది. ప్రాణాలతో బయటపడాలి. ఎలా?"

"భేష్!" అన్నాడు మాస్టారు చేతులు రుద్దుకుంటూ. "మొదలుపెట్టండి."

కలాలు కదిలాయి. నర్సమ్మ పెదాలు కదుపుతూ ఎవర్నో చంపేస్తోంది. కుట్లమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కలం పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన చీటీల మీద తను ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. ఈసారి ఏమీ మార్చకుండా రాసింది. గురువారం, తలుపు, మూడు వేళ్ళు, ఆదివారం మెట్లు. ముగింపు రాలేదు. ముగింపు దగ్గర బాబాయ్ టైమన్నాడు.

ఆమె కాగితం పక్కనున్న అన్న చేతికి వచ్చింది. రెండు వాక్యాలు చదివాడు. ఆగాడు. లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. పాత చీటీలన్నీ అక్కడ ఊచకి గుచ్చి ఉంటాయి. ఐదు వారాల చీటీలు లాగి బల్ల మీద ఆమె కాగితం పక్కన పరిచాడు. వంకర్లు తిరిగిన అదే 'మ', తోక తెగిన అదే 'త'.

ఎవరికి అర్థం కావలసింది వాళ్ళకి అర్థమైంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, నియమం నియమమే. ఇది నిజమా అని ఎవరూ..."

"నేను అడగట్లేదు మాస్టారూ," అన్నాడు అన్న. "చదువుతున్నాను."

ఇనప మెట్ల మీద అడుగులు పడ్డాయి. పన్నెండు మెట్లు. ఆ నడక ఆమెకి నిద్రలో కూడా తెలుసు. లేచి నిలబడింది, అంతే.

మొగుడు లోపలికి వచ్చాడు. చేతిలో వెల్డింగ్ పెచ్చులు కొట్టే సుత్తి. ఎదురెళ్ళి "బాబూ, కూర్చుని మాట్లాడు..." అంటున్న మాస్టారుని ఒక్కటి కొట్టాడు. కళ్ళజోడు పగిలి, ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ముక్కులోంచి నెత్తురు బొటబొటా తెల్ల చొక్కా మీద కారింది. ఎంతమంది నెత్తురు కళ్ళ చూసిన మనిషి! తనది చూసి, చిన్నపిల్లాడిలా "అమ్మా" అన్నాడు. బాబాయ్ బల్ల కిందికి దూరాడు. నర్సమ్మ గుప్పిట నోట్లో పెట్టుకుంది.

మొగుడు ఆమె జుట్టు ముడితో సహా పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. ఒకసారి. చెవిలో హోరు. రెండోసారి. పన్ను పెదవిలో దిగింది. మూడోసారి కొట్టకముందే ఆమె దబ్బనం తీసి, ఎడమచేత్తో, జుట్టు పట్టుకున్న చెయ్యి మీద పొడిచింది. వేలెడు లోతు దిగింది. వాడు గావుకేక పెట్టి వదిలేశాడు. వెంటనే సుత్తి ఎత్తాడు.

సుత్తి ఆమె మీద పడలేదు. అన్న మధ్యలోకి వచ్చాడు. దెబ్బ ఆయన చెవి మీద పడి, చెవి సగానికి చీలింది. రెండో దెబ్బ భుజం మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆయన ఇంకో చేత్తో వాడి మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. కింద పడేసి వీపు మీద మోకాలు పెట్టాడు. పొద్దున్న లేస్తే మేకపోతుల్ని అదిమి పట్టే మోకాలది. వాడు నేల మీద గిలగిల్లాడుతూ, "చంపేస్తానే, నిన్ను నరికి పోగులు పెడతానే" అని అరుస్తున్నాడు. వాడి మెడ వెనక భాగం ఆమె కాళ్ళ ముందే ఉంది.

ఆమె చేతిలో దబ్బనం ఉంది. ఆ మెడ చూస్తుంటే ఆమెకి కోరిక పుట్టింది. అబద్ధం ఎందుకు, చాలా గట్టిగానే పుట్టింది. ఏడేళ్ళ తన్నులు ఎడమచేతిలోకి వచ్చి నిలబడ్డాయి. ఒక్క పోటు చాలు. గదిలో అందరూ ఆ చేతివంకే చూస్తున్నారు. కింద కూలబడ్డ మాస్టారు ముక్కు నెత్తురు తుడుచుకోడం కూడా మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. మంచి ముగింపు వస్తోందంటే ఆయన అలాగే చూస్తాడు. తొమ్మిది మార్కుల చూపు అది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"చెల్లెమ్మా," అన్నాడు అన్న. చెవి నెత్తురు ఆయన గడ్డం మీంచి మొగుడి చొక్కా మీద కారుతోంది. "నాకు ఒక్క చెయ్యే పనిచేస్తోంది. ఎంతసేపు పట్టుకోగలనో తెలీదు. నీ టైము మొదలైంది."

దబ్బనం బల్ల మీద పెట్టింది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. వెనక గుమ్మంలోంచి పెరటి మెట్లు దిగుతుంటే, పైన నర్సమ్మ నోట్లోంచి చెయ్యి తీసినట్టుంది, పోలీసులకి ఫోన్లో వీధి పేరు గొంతు చించుకుని చెబుతోంది. "తొందరగా రండి, కథ కాదండీ, నిజం, నిజం!" అంటోంది.

కుట్లమ్మ గోడ వారగా నడిచింది. కాళ్ళ కింద గాజు పెంకులు గుచ్చుకున్నా ఆగలేదు. రోడ్డు మీద మొదట వచ్చిన బస్సు ఎక్కేసింది. బోర్డు చూడలేదు. సీటు మాత్రం లేదు. ఆ ఒక్కటీ ఆయన తప్పు రాశాడు. ఒక ముసలావిడ ఆమె పెదవీ, చేతి కట్టూ చూసి, ఏమీ అడక్కుండా జరిగి చోటిచ్చింది. టిక్కెట్టు డబ్బులు కూడా ఆవిడే ఇచ్చింది.

బస్సు వంతెన దాటేసరికి ఇరవై నిమిషాలు అయ్యాయి. అప్పుడు ఏడుపు వచ్చింది. వేళ్ళ కోసం కాదు, మొగుడి కోసం అసలే కాదు. చెవి తెగి, భుజం విరిగి, ఒంటిచేత్తో మృగాన్ని పట్టుకు కూర్చున్న ఆ మనిషి ఆమెకి బతికే దారి ఎప్పుడో రాసిచ్చాడు. అందరితో పాటు తనూ నవ్వింది. మూడు మార్కులు వేసింది.

ముసలావిణ్ణి అడిగి కలం తీసుకుంది. టిక్కెట్టు వెనక, తొడ మీద పెట్టుకుని, ఎడమచేత్తో పది అంకె వేసింది. బస్సు కుదుపుకి సున్నా సరిగ్గా కుదరలేదు. మళ్ళీ దిద్దింది.